కనేలా కడుపు పండింది

"నీ గుర్రం కడుపుతో ఉంది," అన్నాడు ఫెర్మీన్, జీను మీదున్న హసింతా మొహంలోకి చూడకుండా.

లోబోస్ ఊరి శివార్లలోని ఆ పోలో గుర్రాల కొట్టానికి అతను కొత్త పశువుల డాక్టరు. ఆమె గుర్రాలను సాకే తెయో కూతురు. అప్పటిదాకా ఇద్దరి మధ్యా పలకరింపు కూడా లేదు.

"కనేలాకి కడుపా? దాని మీద మగ గుర్రం నీడ కూడా పడలేదు. కలగన్నారా డాక్టరుగారూ?"

"మగ గుర్రం పని కాదు. నా పని."

పనివాళ్ళు గొల్లున నవ్వారు. ఫెర్మీన్ చెవులు ఎర్రబడ్డాయి.

కొట్టం యజమానురాలు దోన్యా ఎల్విరాకి ఉన్న ఛాంపియన్ ఆడ గుర్రం పోలో ఆడటం మానకూడదు, దానికి పిల్లలూ కావాలి. అందుకే దాని పిండాన్ని తీసి మామూలు గుర్రం కడుపులో పెడతారు. మోసే గుర్రాలన్నీ ఒకటే గోధుమరంగు. తలకు కట్టే పట్టీ మీది నంబరే వాటికి పేరు. నలభై ఒకటో నంబరు గుర్రానికి పెట్టాల్సిన పిండం, లాడాలు కొట్టించడానికి పక్కనే కట్టేసిన, అదే రంగు కనేలాకి పెట్టేశాడు ఫెర్మీన్.

ఆదివారం క్లబ్బులో ఆడపిల్లల ఫైనల్. హసింతాకి ఉన్నది ఆ ఒక్క గుర్రమే. అది లేకపోతే జట్టులో చోటు లేదు.

"ఆ కడుపులో ఉన్నది నా పిల్ల. ఈనేదాకా దాన్ని ఎవరూ ఎక్కకూడదు," అని తేల్చేసింది దోన్యా ఎల్విరా.

ఇక హసింతా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. "కళ్ళు నెత్తి మీద పెట్టుకున్నారా? మా నాన్న కళ్ళు మూసుకుని తడిమినా చెప్తాడు, ఏది కనేలానో. ఇంత చదువూ ఎందుకు మీకు, అలంకారానికా?"

"నాదే తప్పు," అన్నాడు ఫెర్మీన్. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. నెలాఖరుకల్లా వేరే పని వెతుక్కోమంది దోన్యా ఎల్విరా.

ఆ సాయంత్రం వాన మొదలైంది. కనేలాను లోపలికి తెద్దామని హసింతా దాని గది తలుపు మీద వేలాడుతున్న పట్టీ అందుకుంది. ఇత్తడి బిళ్ళ తిప్పి చూస్తే నలభై ఒకటి.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. లాడాలు కొట్టించిన రోజు కనేలా పట్టీ తెగితే, కంచె మీద కనిపించిన పట్టీని లాగి దానికి తగిలించింది తనే. కనేలాను అక్కడే కట్టేసి మాతె టీ తాగుతూ కబుర్లలో పడిందీ తనే. కడుపు సంగతి చెప్పిన రోజు, ఈ తలుపు ముందు నిలబడ్డాకే ఫెర్మీన్ తన దగ్గరికి వచ్చాడు. అంటే పట్టీ చూశాడు.

వానలో తడుస్తూనే వెళ్ళి అతని తలుపు కొట్టింది.

"తెలిసే ఊరుకున్నావా?"

"చెబితే మీ నాన్న ఉద్యోగం పోతుంది," అన్నాడతను. "అయినా డాక్టరన్నవాడు పట్టీ ఒక్కటే చూసి ఎలా నమ్ముతాడు? తప్పు నాదీ ఉంది."

"మరి అన్ని తిట్లు ఎందుకు పడ్డావు?"

"నువ్వు నాతో మాట్లాడటం అదే మొదటిసారి. మధ్యలో ఆపాలనిపించలేదు."

నవ్వాల్సిన మాటే. హసింతాకి ఏడుపొచ్చింది. జుట్టు నుంచి కారే వాన నీళ్ళు ఆ ఏడుపును కొంత కప్పేశాయి.

"ఒకరిది ఇంకొకరు మోయడానికి ఇక్కడ గుర్రాలున్నాయి. నా తప్పు నేను మోసుకుంటాను," అంది.

ఆదివారం ఫైనల్ ఆమె లేకుండానే జరిగింది. తర్వాత నిప్పుల మీద మాంసం కాలుతుండగా, అందరి ముందూ దోన్యా ఎల్విరాకి జరిగింది చెప్పేసింది. తెయో టోపీ తీసి నేలకేసి చూశాడు.

"ఈనేదాకా దాని సేవ నీదే," అంది దోన్యా ఎల్విరా. "పిల్లని బయటికి తీసేది ఈ డాక్టరే. అప్పటిదాకా ఇద్దరూ నా కళ్ళ ముందే ఉండండి."

హసింతా ఫెర్మీన్ వైపు తిరిగింది. తలెత్తడానికి మొహం చెల్లలేదు. "నన్ను క్షమించు. నువ్వంటే నాకు... వెళ్ళిపోకు."

తెయో మంచి ముక్క కోసి, ముందుగా ఫెర్మీన్ పళ్ళెంలో వేశాడు.

"తిను బాబూ," అన్నాడు. "నా కూతురి నోట తిట్లు తిన్నవాళ్ళు ఈ ఊళ్ళో బోలెడుమంది. క్షమాపణ అందుకున్నవాడివి నువ్వొక్కడివే."