మంచులో మేలుకాపు

"కూర్చుంటే తూగే పిల్లరా అది. దాన్ని నమ్ముకుని నేను పడుకోను," అంది రత్నమాణిక్యం, రగ్గులోంచి మొహం మాత్రం బయటపెట్టి.

"తూగితే టీటీ గారు లేపుతాడులే అమ్మా," అన్నాడు ఆమె కొడుకు భానోజీరావు.

"లేపుతాడు! ఆయనకి గొంతే గానీ చెయ్యి లేదు. నీ పెళ్ళాం కనకం ఉంటే గుండెల మీద చెయ్యేసుకుని పడుకునేదాన్ని. ఇప్పుడు మార్చడం దేనికంట?"

"దానికి మోకాళ్ళు పట్టేస్తున్నాయని నువ్వే కదమ్మా అన్నావు? ఎప్పటికైనా హిమజ నేర్చుకోవాలిగా."

కొత్త కోడలు హిమజ పై బెర్తు నిచ్చెన పట్టుకుని నిలబడి, ఆ మాటలు తన గురించి కానట్టు వింటోంది. ఆమె భర్త, భానోజీరావు కొడుకు ప్రహ్లాద్ తన పడక మీద దుప్పటి సర్దుకుంటున్నాడు. కిందటి స్టేషన్లో మొదలైన వాదన రైలు ఆగిపోయినా ఆగలేదు. కిటికీ అద్దం నిండా తెలుపే. ముందున్న పట్టాలు మంచు కింద ఉన్నాయనీ, మూడు వారాలు పట్టవచ్చనీ, ఎక్కువైనా కావచ్చనీ టీటీ గారు ఇంతకుముందే చెప్పాడు.

ఒకప్పుడు గోదావరి రైతులు తుంగభద్ర ఒడ్డుకు వెళ్ళి క్యాంపులనే ఊళ్ళు కట్టుకున్నట్టే, వాళ్ళ మనవల మనవలు సైబీరియాలో ఓబ్ నది ఒడ్డున క్యాంపులు కట్టుకున్నారు. భూమి వేడెక్కి, అక్కడ గడ్డకట్టి ఉన్న నేల కరిగి మాగాణి అయింది. వేసవి మారింది గానీ చలికాలం మారలేదు, పైగా మొండికెత్తింది. కోతలు కాగానే క్యాంపు మూసేసి అందరూ రాజమండ్రి రైలెక్కేవారు. విమానాలు ఆ కాలంలో ఎగరవు. దారిలో కజక్ మైదానం మీద మంచుతుఫాను రైలును ఎక్కడ ఆపుతుందో, ఎన్నాళ్ళు ఆపుతుందో ఎవరికీ తెలియదు. ఆగిన రైల్లో తిండీ వేడీ చాలక జనం పోయిన ఏళ్ళున్నాయి.

మందశయ్య ఆ చావుల్లోంచి పుట్టింది. చలికాలమంతా బొరియలో ముడుచుకుని పడుకునే ఒక జాతి ఉడుత రక్తంలోంచి ప్రోటీన్ తీసి, దాన్ని మనిషికి సరిపడేలా మలిచారు. ఆ మందు తాగి మూత ఉన్న బెర్తులో పడుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది, గుండె అతి నెమ్మదిగా కొట్టుకుంటుంది, ఆకలి తెలియదు. బయట నెల గడిచినా ఒంటికి ఒక్క రాత్రి నిద్రే. కంపెనీ దానికి స్లో బెర్త్ అని పేరు పెట్టింది. క్యాంపు జనానికి అది మందశయ్య. ఆ పడకలనీ, బోగీనీ కనిపెట్టుకుని ఉండే యంత్రానిది మర్యాదస్తుడి గొంతు. అందుకే టీటీ గారు అయింది.

కొత్తలో ఆ యంత్రాన్ని పూర్తిగా నమ్మలేక కంపెనీ ఒక రూలు పెట్టింది. కూపేకు ఒక మనిషి మేలుకుని ఉండాలి. ఆ మనిషే మేలుకాపు.

పెళ్ళయిన ఏడాది నుంచీ ఈ కుటుంబానికి మేలుకాపు కనకవల్లే. అందరూ మూతల కింద పడుకుంటే ఆమె పొడిరొట్టె నములుతూ అద్దాల వెనక మొహాలు చూస్తూ కూర్చునేది. విసుగు పుడితే నడవలోకి వెళ్ళేది. అక్కడ చేరే మిగతా కూపేల మేలుకాపులంతా ఆడవాళ్ళే. అత్తల సంగతులు గుసగుసగా చెప్పుకుని, "వింటారేమోనే," అని నవ్వుకునేవారు. పడుకున్నవాళ్ళకు లెక్కలోకి రాని నెలలు వీళ్ళ వయసులో కలిసిపోయాయి. భర్త కన్నా చిన్నదిగా కాపురానికి వచ్చిన కనకవల్లి ఇప్పుడు భర్తను దాటిపోయింది. నిరుడు క్యాంపు డాక్టరు, "మీ అక్కగారికి ఈ నొప్పులు ఎప్పటి నుంచండీ?" అని భానోజీరావును అడిగాడు. ఆయన ఆ మాట క్యాంపంతా చెప్పి నవ్వించాడు. కనకవల్లి కూడా నవ్వింది.

"అమ్మాయి చూసుకుంటుందిలెండి అత్తయ్యా," అంది కనకవల్లి. తన గొంతులోని తొందర తనకే వినిపించింది.

దాంతో వాదన తెగిపోయింది. ఆమె హిమజను పక్కకు తీసుకుపోయి పని అప్పగించింది.

"మూతల మీద చెమ్మ పడితే తుడుస్తూ ఉండు. ఎవరి మొహమైనా నీలంగా కనబడితే టీటీ గారిని పిలువు. కిటికీలోంచి ఎక్కువ చూడకు. ఆ తెలుపు మనసుని తినేస్తుంది."

"ఇన్నాళ్ళూ ఎలా గడిపేవారు అత్తయ్యా?"

"మాట్లాడుకునేదాన్ని."

"ఎవరితో?"

"మీ ఆయనతోనే. మూత కింద ఉన్నప్పుడు తిట్లు వినపడవుగా. బోలెడు తిట్టాను."

హిమజ నవ్వింది. నవ్వుతూనే అత్తగారి నెరిసిన పాపిట వైపు చూసింది. "ప్రహ్లాద్ ఇలాగే ఉంటాడు. నేను మాత్రం..." అని ఆగిపోయింది.

"అందరికీ అలవాటవుద్ది," అంది కనకవల్లి, ఆమె కళ్ళలోకి చూడకుండా.

జీవితంలో మొదటిసారి ఆమె మందశయ్య మీద పడుకుంది. పరుపు గోరువెచ్చగా ఉంది. నడుం వాల్చగానే ప్రాణం లేచొచ్చింది. పడక పక్క గూట్లోంచి మందు కప్పు బయటికొచ్చింది. ఆమె దాన్ని అందుకోగానే చెవి దగ్గర టీటీ గారు మెల్లగా అడిగాడు:

"కూపేలో మేలుకాపు కావాలా అమ్మా?"

"ఆఁ, కావాలి. మా కోడలుంది."

"మంచిది. మీ కోరిక రాసుకున్నాను."

"కోరికేంటండీ? రూలు కదా?"

"రూలు లేదమ్మా. ప్రహ్లాద్ గారు బడిలో చేరిన ఏడాదే తీసేశారు. ఇప్పుడంతా ఇష్టం. పడుకునే ప్రతివారినీ అడుగుతాం. ఒక్కరు కావాలన్నా మేలుకాపును ఉంచుతాం."

"మేలుకునేవాళ్ళని అడగరా?"

"అడగమని నాకు చెప్పలేదు."

కనకవల్లి మోచేతి మీద పైకి లేచింది.

"మావాళ్ళేమనేవారు?"

"ప్రతిసారీ ముగ్గురూ కావాలనే అన్నారు."

"ముగ్గురూనా? మా అబ్బాయి కూడా?"

"అవునమ్మా."

"ఎప్పుడన్నా... మేలుకున్నవాళ్ళ వల్ల ఎవరి ప్రాణమన్నా నిలబడిందా?"

"ఆ అవసరం రాలేదమ్మా. అన్నీ నేనే చూసుకున్నాను."

"మరెందుకు కావాలంటారు?"

"నేను కారణం అడగను. కొందరు వాళ్ళంతట వాళ్ళే చెబుతారు. మనవాళ్ళలో ఒకరు మేలుకుని ఉంటే భయం వెయ్యదంటారు."

కనకవల్లికి ముందు కోపం వచ్చింది. ఆ కోపం భర్త మీదా, అత్త మీదా, కొడుకు మీదా తిరిగి తిరిగి చివరికి తన మీదే వాలింది. ఆ పిల్లకు ఎన్నేళ్ళు తరిగిపోతాయో తన కన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ బోగీలో లేరు. అయినా కావాలన్న మాట ఎంత సులువుగా తన నోటి నుంచి వచ్చేసింది!

ఆమె కప్పు పక్కన పెట్టి కిందికి దిగింది. మిగతా మూతలు ఇంకా తెరిచే ఉన్నాయి.

"తాగలేదేం?" అన్నాడు భానోజీరావు.

"మేలుకాపు అక్కర్లేదని మీకు తెలుసా?"

ఆయన తల్లి వైపు చూశాడు. రత్నమాణిక్యం రగ్గు గడ్డం దాకా లాక్కుంది.

"అక్కర్లేకపోతే మాత్రం?" అన్నాడు చివరికి. "అందరం శవాల్లా పడుంటే మన మనిషి ఒకరు చూడొద్దా? ఆ గొంతుని నమ్ముతామా? నిన్ను నమ్మాం గానీ."

"నీకు అలవాటే కదా అనుకున్నానమ్మా," అన్నాడు ప్రహ్లాద్.

"నీకూ తెలుసా?" అని హిమజ అడిగింది. అతను మళ్ళీ దుప్పటి సర్దుకోసాగాడు.

కిటికీకి గాలి మంచును విసిరికొడుతోంది. కనకవల్లి తన మందు కప్పు తీసి హిమజ చేతిలో పెట్టింది.

"టీటీ గారూ, నేను కావాలన్నది కొట్టెయ్యండి. ఖాళీగా ఉన్న ఆ ఐదో పడక కూడా తెరవండి. నాకింకో కప్పు ఇవ్వండి," అంది. తర్వాత ముగ్గురి వైపూ తిరిగింది. గొంతు ఏమాత్రం పెంచలేదు.

"నేనూ హిమజా పడుకుంటున్నాం. భయమున్నవాళ్ళు మేలుకోండి. మీ ముగ్గురిలో ఎవరన్నది మీరే తేల్చుకోండి."