సన్యాసిరావు కంటికి ఆనని తెర

పేపర్ల వాళ్ళు సిరా తగ్గించేశారని సన్యాసిరావుకి గట్టి నమ్మకం. ఇనుప గనుల ఊరు బచేలీలోని తన ఇంటి వరండాలో, పేపరుని చాచిన చేతుల చివర పట్టుకుని, ఈ మాట ఆయన కొన్నాళ్ళుగా రోజూ పొద్దున్నే ప్రకటిస్తున్నాడు. ట్యూబులైట్ల వాళ్ళు కూడా మోసంలో దిగారు. కొత్త ట్యూబు వేసినా పాత వెలుగు రావడం లేదు. ఇక సీరియళ్ళ వాళ్ళయితే అత్తకీ కోడలికీ ఒకే మొహం ఉన్నవాళ్ళని తెచ్చి పెడుతున్నారు. మొత్తం మీద దేశంలో నాణ్యత పడిపోయింది. సన్యాసిరావు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు.

"నూకాలూ, ఇది చూడు. అచ్చూ లేదు, ఏటీ లేదు. కాగితం అమ్ముతన్నారు, అంతే."

"నాకు బాగానే కనిపిస్తన్నాది" అంది నూకాలమ్మ, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

"నువ్వు ఎలాగైనా సర్దుకుపోయే మనిషివి."

ఆ సంగతి ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకి ఎప్పుడో అర్థమైంది. మిక్సీ తొడుగు దులపడానికి వెళ్ళింది. కొండల మీంచి ఇనుప ఖనిజం ఎర్ర దుమ్ము రాలే ఊళ్ళో తొడుగు లేని వస్తువుకి బతుకు లేదు. అందుకని నూకాలమ్మ టీవీకీ, ఫ్రిజ్‌కీ, రిమోటుకీ, గోడ గడియారానికీ కూడా తొడుగులు కుట్టింది. టైము చూడాలంటే గడియారానికి ముసుగెత్తాలి. టీవీ తొడుగు మరీ బాగా కుదిరినందున అది పాడవకుండా దాని మీద ఇంకో తొడుగు వేసింది.

సన్యాసిరావు రైల్వేలో క్యారేజీ అండ్ వ్యాగన్ విభాగంలో పనిచేసి పోయినేడే రిటైరయ్యాడు. ఉద్యోగమంతా చేతిలో సుత్తి పట్టుకుని ఖనిజం బళ్ళ పక్కన నడవడమే. చక్రాన్ని కొడితే ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే బీట ఉన్నట్టు. సుత్తి డిపార్టుమెంటుకి అప్పజెప్పేశాడు గానీ అలవాటు అప్పజెప్పలేదు. పుచ్చకాయ కొన్నా, బీరువా కొన్నా, ముందు వంచిన వేళ్ళతో కొట్టి వింటాడు, తర్వాత కన్ను దగ్గర పెట్టి చూస్తాడు. కాలనీలో తెలుగువాళ్ళెవరు ఏం కొన్నా ఆయన్ని వెంటబెట్టుకు వెళ్ళాల్సిందే. "సన్యాసిరావుగారు చూశారా?" అన్నది అక్కడ కంపెనీ గ్యారంటీ కార్డు కన్నా పెద్ద గ్యారంటీ.

ఇవాళ ఆ గౌరవం సొంత కూతురికి దక్కబోతోంది. శాంతిప్రియకి కొత్త లాప్‌టాప్ కొనాలి.

శాంతిప్రియ కంప్యూటర్ ఆటలకి బొమ్మలు గీస్తుంది. ఆటలో వీరుడు పరిగెడుతూ ఉంటే వెనకాల ఉండే కొండలూ, అడవులూ, పాడుబడ్డ స్టేషన్లూ అన్నమాట. హైదరాబాదు కంపెనీ ఒకటి ఇంట్లోనే కూర్చుని చెయ్యమని ఉద్యోగమిచ్చింది. ఇచ్చింది గానీ, పంపిన రెండు బొమ్మలూ తిప్పి పంపింది. దూరంలో ఉన్నవన్నీ అలుక్కుపోయాయన్నారు. తప్పు చేతిది కాదు, పాత లాప్‌టాప్ తెరది. ఆ మసక తెర మీద సన్నటి గీత ఉందో లేదో గీసినవాళ్ళకే తెలియదు. సోమవారం పంపే బొమ్మ కూడా తిరిగొస్తే ఉద్యోగం ఉండదు.

"పాపా, రెడీయా? నేను చూసి ఓకే అన్నాకే కొంటాం. ముందే మాట అనుకుందాం" అన్నాడు సన్యాసిరావు చెప్పులేసుకుంటూ.

"అలాగే నాన్నా. కానీ దాన్ని కొట్టకు" అంది శాంతిప్రియ.

బస్సులో జగ్దల్‌పూర్‌కి తొందరగా వెళ్ళిపోవచ్చు. కానీ రిటైరైన మనిషి దగ్గర రైలు పాసు ఉండగా బస్సెక్కడమంటే ఇంట్లో వండిన అన్నం పెట్టుకుని హోటలుకి పోవడం లాంటిదని సన్యాసిరావు అభిప్రాయం. అందుకని ముగ్గురూ పాసింజరెక్కి, క్రాసింగున్న చోటల్లా ఆగుతూ, తెచ్చుకున్న పులిహోర తింటూ వెళ్ళారు.

ఒక స్టేషన్లో పక్క లైను మీద ఖనిజం బండి వచ్చింది. శాంతిప్రియ కిటికీ ఊచలకి మొహం ఆనించింది. చిన్నప్పుడు తండ్రీ కూతుళ్ళకి ఇదే ఆట. దూరాన వస్తున్న వ్యాగన్ మీది నంబరు ఆయన గడగడా చదివేసేవాడు. అది దగ్గరికొచ్చేదాకా ఆగి, అంకె అంకె సరిచూసుకుని, ఈ పిల్ల "రైట్!" అని అరిచేది. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

"చదువు నాన్నా!"

సన్యాసిరావు కళ్ళు చికిలించాడు. ఎర్రగా ఏదో గోడలా కదిలిపోతోంది.

"ఏటి చదివేది? ఇప్పటి కుర్రాళ్ళకి పెయింటు వెయ్యడం చేతకాదు. ఇంకో పులిహోర ముద్ద పెట్టు" అన్నాడు.

జగ్దల్‌పూర్ మార్కెట్లో కంప్యూటర్ల దుకాణం దేవాది. హల్బీ వాళ్ళతో హల్బీ, ఒడియా వాళ్ళతో ఒడియా మాట్లాడతాడు. తెలుగువాళ్ళతో మాత్రం తెలుగని తాను అనుకునేది మాట్లాడతాడు.

"రండి అంకుల్‌జీ! ఏక్‌దమ్ మంచి మాల్ ఉంది" అని రెండు లాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టాడు.

ఒకటి నల్లటిది. మూత తియ్యగానే కీల కింద ఎరుపూ, పచ్చా, నీలం దీపాలు వెలుగుతూ ఆరుతూ తిరునాళ్ళలా ఉంది. గేములాడేవాళ్ళ కోసమట. బ్యాగు ఫ్రీ, మౌసు ఫ్రీ, చెవులకి పెట్టుకునేది కూడా ఫ్రీ. రెండోది బూడిదరంగుది. దీపాల్లేవు, ఫ్రీ ఏమీ లేదు, గవర్నమెంటు ఫైలులా ఉంది. ధర రెండింటికీ ఒకటే.

"ఇదే కావాలి" అంది శాంతిప్రియ, బూడిదరంగుది చూపిస్తూ. "దీని స్క్రీన్ హై రిజల్యూషన్ నాన్నా. చుక్కలు బాగా సన్నగా ఉంటాయి. దూరంలో వెంట్రుకంత గీత గీసినా కనిపిస్తుంది. నల్లదానికి మిగతావన్నీ ఉన్నాయి, తెర మాత్రం మామూలుది. నా పనంతా తెర మీదే."

సన్యాసిరావు తొందరపడే మనిషి కాదు. నల్లదాన్ని ఎత్తి బరువు చూశాడు. వంచిన వేళ్ళతో వెనక టకటకా కొట్టి చెవి పెట్టాడు.

"అంకుల్‌జీ, నారియల్ కాదు, కొబ్బరికాయ కాదు!" అన్నాడు దేవా గుండె పట్టుకుని.

"బాడీ గట్టిదే" అన్నాడు సన్యాసిరావు. తర్వాత రెండు తెరలకేసీ చాలాసేపు చూశాడు. అటొక తెల్లటి వెలుగు, ఇటొక తెల్లటి వెలుగు. "రెండూ ఒకటే. నల్లది తీసుకుందాం. బ్యాగొస్తాది."

"ఒకటే ఏంటి నాన్నా! సరిగ్గా చూడు."

"నాకే చెప్తన్నావేటి? ఈ కళ్ళతో ఎన్ని ఫ్రిజ్‌లు చూశాను, ఎన్ని టీవీలు చూశాను! ఆ సన్న చుక్కలూ అవీ అమ్మడానికి చెప్పే మాటలు పాపా."

శాంతిప్రియ సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. సోమవారం పంపాల్సిన బొమ్మని రెండు తెరల మీదా తెరిచింది. ఎర్రటి కొండ, కింద మలుపు తిరిగే పట్టాలు, వాటి మీద ఖనిజం బండి.

"బండి పక్కన మనిషున్నాడు చూడు. నల్లదాని మీద ఉత్త మచ్చ. దీని మీద మొహం కూడా తెలుస్తోంది."

"ఏ మనిషి?" అన్నాడు సన్యాసిరావు.

శాంతిప్రియ మొహం మాడిపోయింది. "చూశావా అమ్మా? చూడనే చూడడు! ఆ మనిషి కోసం ఎంత కష్టపడ్డానో తెలుసా? నీకు బ్యాగు కనిపిస్తుంది, మౌసు కనిపిస్తుంది, నా పని మాత్రం కనిపించదు. ఎవరైనా అడిగితే మా పాప కంప్యూటరు చేస్తాది అంటావు గానీ, బొమ్మలేస్తుందని ఒక్కసారైనా చెప్పావా? పోనీ, ఇవాళొక్కరోజు నిజంగా చూడరాదా?"

దుకాణంలో మిగతా బేరాలన్నీ ఆగిపోయాయి. సన్యాసిరావుకి కోపం వచ్చింది. బజార్లో, అందులోనూ కొనుగోలు విషయంలో, ఆయనతో ఎవరూ ఇలా మాట్లాడలేదు. ఏదో గట్టిగా అనబోయాడు. ఇంతలో నూకాలమ్మ తెర మీదికి వంగింది.

"ఓలమ్మా! ఇది మీరే కదేటండీ! ఆ తువ్వాలు చూడండి, నీలం గళ్ళది. నేనుతికీదాన్నే!"

"అవును అంకుల్‌జీ, ఆప్ హీ హై, మీరే!" అన్నాడు దేవా.

సన్యాసిరావు వంగాడు. ఇంకా వంగాడు. ముక్కు తెరకి తగిలేదాకా వంగాడు. ముందు ఎర్ర పొగమంచు, దాని వెనక ఇంకాస్త ఎర్ర పొగమంచు. భార్యకి తువ్వాలు కనిపిస్తోంది. ముక్కూ మొహం తెలియని దుకాణం వాడికి మొహం కనిపిస్తోంది. ముగ్గురూ ఒకే చోట వేలు పెట్టి చూపిస్తున్న మనిషి తను. తనకి తప్ప అందరికీ కనిపిస్తున్నాడు.

ఆ క్షణాన పేపర్ల వాళ్ళ మీదా, ట్యూబులైట్ల వాళ్ళ మీదా, పెయింటు కుర్రాళ్ళ మీదా ఆయన పెట్టిన కేసులన్నీ ఒక్కసారి కొట్టేసినట్టయింది.

"ఆఁ, ఉన్నాడు, ఉన్నాడు" అన్నాడు, గొంతు సవరించుకుని. "బాగా వేశావు. సుత్తి కూడా ఉన్నాది."

శాంతిప్రియ ఆయన వైపు తిరిగింది. గొంతులో కోపం తగ్గింది, ఇంకేదో చేరింది. "సుత్తి ఏ చేతిలో ఉంది నాన్నా?"

సన్యాసిరావు కాసేపు ఆలోచించాడు. "కుడిచేతిలో."

"చేతిలో లేదు నాన్నా" అంది మెల్లగా. "భుజాన ఉంది."

నల్ల లాప్‌టాప్ ఒక్కటే ఎరుపూ పచ్చా దీపాలు వెలిగించుకుంటూ కూర్చుంది.

ముగ్గురూ బయటికొచ్చి దుకాణం మెట్ల మీద కూర్చున్నారు. దేవా టీ చెప్పి, తనకి పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

"ఎన్నాళ్ళయింది నాన్నా?" అంది శాంతిప్రియ.

"ఏటి ఎన్నాళ్ళు? సిరా..." అని ఆగిపోయాడు సన్యాసిరావు. టీ గ్లాసు రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. "నిజంగా తెలీదు పాపా. కొంచెం కొంచెంగా పోయినట్టుంది. కాలనీలో ఎవరికీ చెప్పకండి. బుధవారం పక్కింటి హెప్సిబాకి వాషింగ్ మిషను చూడ్డానికెళ్ళాలి. కళ్ళు లేవని తెలిస్తే నన్నెవరు తీసుకెళ్తారు?"

"కళ్ళు లేకపోవడం ఏటండీ ఆ మాటలు! శుక్లాలయి ఉంటాయి. మా చిన్నాన్నకి తీసీలేదా?" అంది నూకాలమ్మ. కసురుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియనట్టుంది. "సీరియల్లో అత్తా కోడలూ ఒకలాగే ఉన్నారంటే వేళాకోళం అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!"

శాంతిప్రియ తండ్రి భుజానికి తల ఆనించింది. "చూడట్లేదని అరిచీశాను. సారీ నాన్నా. లాప్‌టాప్ తర్వాత చూద్దాం. ముందు డాక్టరు దగ్గరికెళ్దాం పద."

"అదేటి? మరి సోమవారం?" సన్యాసిరావు లేచి నిలబడ్డాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "డాక్టరు ఎక్కడికీ పారిపోడు. పద, ఆ బూడిదరంగుది ప్యాక్ చేయించు."

"నువ్వు చూసి ఓకే అన్నాకే అన్నావు కదా?"

"నువ్వు చూశావు కదా, చాలు" అన్నాడు.

ఎవరో చూసి చెప్పిన వస్తువుని సన్యాసిరావు కొనడం జీవితంలో అదే మొదటిసారి. అయితే మనిషి ఒక్కపూటలో పూర్తిగా మారిపోడు. డబ్బు కట్టే ముందు దేవాతో పోట్లాడి, నల్లదాని బ్యాగుని బూడిదరంగుదానికి వేయించుకునే బయటికొచ్చాడు.

సోమవారం పంపిన బొమ్మ తిరిగి రాలేదు. శాంతిప్రియ మొదటి జీతం అందుకోకముందే తండ్రిని జగ్దల్‌పూర్ తీసుకెళ్ళి ఒక కంటికి ఆపరేషన్ చేయించింది. ఈసారి బస్సులో వెళ్ళారు. పాసుందన్నా వినలేదు.

కట్టు విప్పాక సన్యాసిరావుతో వేగడం కష్టమైంది. పేపర్ల వాళ్ళు మళ్ళీ సిరా వేస్తున్నారని మెచ్చుకున్నాడు. టీవీ తొడుగుకున్న దుమ్ము కనిపెట్టాడు. తర్వాత నూకాలమ్మ వైపు తిరిగి పరకాయించి చూశాడు.

"నీకు జుట్టెప్పుడు నెరిసిందే?"

"మీకు సిరా తగ్గినప్పుడే" అంది నూకాలమ్మ. "ఏటి, బాగోలేదా?"

"ఎవరన్నారు? బాగుంది" అన్నాడు సన్యాసిరావు.

శాంతిప్రియ వంటింట్లో దోసెలేస్తోంది. ఆయన గదిలోకి వెళ్ళి, లాప్‌టాప్‌కి నూకాలమ్మ కుట్టిన పూల తొడుగు తీసి, నేర్పించినట్టే మూతెత్తి బొమ్మ తెరిచాడు. ఎర్రకొండ. పట్టాలు. నీలం గళ్ళ తువ్వాలు. భుజాన సుత్తి.

"పాపా, డ్యూటీలో తువ్వాలు వేలాడకూడదు. చక్రానికి చుట్టుకుంటాది" అని కేకేశాడు.

అంతలో ఆ మనిషి పక్కన ఇంకేదో కనిపించింది. కొత్త తెర మీద తర్వాత చేర్చిందేమో, దీని సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. మోకాలెత్తు పిల్ల. పసుపు గౌను వేసుకుని, ఆ మనిషి చిటికెనవేలు పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి వచ్చే బండిని చూస్తోంది. గౌనంచు మీద ఎర్రదుమ్ము కూడా ఉంది.

సన్యాసిరావు తువ్వాలుతో కన్ను ఒత్తుకున్నాడు. కొత్త కంటిని తడి చేయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు గానీ, అది ఆయన చేతిలో లేదు. కాసేపటికి బండికేసి చూశాడు. ముందు వ్యాగన్ మీద, చీమంత అక్షరాల్లో, నంబరు వేసి ఉంది.

ఆయన నిటారుగా కూర్చున్నాడు. ఇల్లంతా వినబడేలా, పూర్వం పట్టాల పక్కన నిలబడి చదివినట్టే, ఆ నంబరుని గడగడా చదివేశాడు.

వంటింట్లో దోసె చుయ్యిమంటోంది. అట్లకాడ చప్పుడు ఆగింది. అంకె అంకె సరిచూసుకోవడానికి పట్టేంతసేపు ఏ శబ్దమూ లేదు.

"రైట్!" అంది శాంతిప్రియ.