తాతకు చలేస్తోందట

“దమర్ అంటే మీరేనా? మీరమ్మిన థర్మోస్టాట్ నకిలీది. మా తాత పోయేలా ఉన్నాడు!”

సురబయ సంతలో అప్పుడే కొట్టు తెరిచాను. పాములు పెంచుకునేవాళ్లకు పెట్టెలూ, ఫ్యాన్లూ, వేడి చూసే యంత్రాలూ అమ్ముకునేవాణ్ని. తాతల బాధ్యత నాది కాదు.

“తాతను ఆసుపత్రికి తీసుకెళ్లాలి గానీ, నా కొట్టుకెందుకండీ?”

“తాతంటే కొండచిలువ! మీరు జావాలోనే పుట్టారా?”

పుట్టాను. పెద్ద పామునూ పులినీ పేరెత్తకుండా తాత అనడం మావాళ్ల అలవాటే. కానీ అంత అందమైన పిల్ల అంత కోపంగా చూస్తే ఎవడికైనా పుట్టిన ఊరు గుర్తుండదు.

పేరు వెనింగ్. కుట్టుపని చేసే దుకాణం నుంచి మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేసరికి రోజూ పెట్టెలో వేడి ముప్ఫై ఆరు డిగ్రీలు దాటుతోందట. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. పాము మాత్రం నోరు తెరుచుకుని, అద్దానికి తల ఆనించి పడి ఉంటుందట.

“ఇలాగైతే అది బతకదు. అది పోతే మా అమ్మమ్మ కూడా దక్కదు,” అంది. గొంతు సన్నబడింది. అసలు తాత పోయినప్పుడు అమ్మమ్మ అన్నం మానేసిందట. ఆయన పెంచిన పాము వచ్చి ఆయన చాప మీద చుట్టచుట్టుకున్నాకే, ‘వచ్చాడు’ అని ముద్ద నోట్లో పెట్టుకుందట.

నా సరుకును నకిలీది అన్నందుకు రోషం కొంత, ఆ గొంతు కొంత, కలిసి నన్ను ఆమె వెంట నడిపించాయి.

మిట్టమధ్యాహ్నం కావస్తోంది. సందులో కుక్క కూడా లేదు. ఇంట్లో అడుగుపెట్టగానే లవంగాల సిగరెట్టు వాసన గుప్పుమంది.

“ఎవరు కాలుస్తారండీ?”

“ఎవరూ కాల్చరు. తాత కాల్చేవాడు.”

ఆమె మామూలుగానే చెప్పింది. నాకే ఒళ్లు జలదరించింది.

పాము గదిలో పైకప్పు రేకుల వేడి దిగుతున్నా, తడిగుడ్డ గుండా ఫ్యాన్ లాగే గాలికి పెట్టెలో అంకె ముప్ఫై ఒకటి దగ్గరే ఉంది. నా యంత్రం బంగారంలా పనిచేస్తోంది.

“వేడి మీ కళ్లలోనే ఉందేమో,” అన్నాను.

“మీ నోట్లో ఇంకా ఎక్కువుంది. కూర్చోండి, మీరే చూద్దురు గాని.”

ఆ గది గుమ్మానికి ఎదురుగా చాలాసేపు కూర్చున్నాం. చల్లటి చింతపండు నీళ్లిచ్చింది. పాములవాడికి పిల్లనెవరిస్తారని అడిగింది. పామును తాత అనేవాళ్లు ఇస్తారేమో అన్నాను. నవ్వు కనబడకుండా ఆమె గ్లాసులోకి తలవంచింది. అప్పుడే లోపల ఎవరో దగ్గారు. మగవాడి దగ్గు.

లేచి పరిగెత్తాం. మా ముందునుంచి గుమ్మం దాటి ఎవరూ పోలేదు. అయినా పెట్టె మీద మందపాటి గళ్ల దుప్పటి కప్పి ఉంది. పక్కన మట్టి కుంపటిలో నిప్పులు. అంకె ముప్ఫై ఏడు.

“ఐసు తెస్తా!” అంటూ వెనింగ్ కదిలింది.

“వద్దు! ఒక్కసారిగా చలి తగిలితే అసలుకే మోసం. కుండనీళ్లు చాలు.”

వేలాడిపోతున్న పామును ఇద్దరం తొట్టిలోకి దించి, నీళ్లు కొద్దికొద్దిగా పోశాం. నీళ్లలో ఆమె చెయ్యి నా చేతిని పట్టుకుంది. పాము నోరు మూసి, నాలుక ఆడించేదాకా వదల్లేదు. ఆ తర్వాత కూడా వదల్లేదు గాని, ఆ మాట నేనెత్తలేదు.

వెనక గోడకున్న వెదురు తెర కదిలింది. అమ్మమ్మ! అటువైపు వంటింట్లోకి దారి ఉందని నాకు తెలియలేదు.

“దుప్పటెందుకు తీశావే? ఆయనకు చలేస్తోంది.”

“అమ్మమ్మా! నువ్వా?”

“పిలిచాడే. పోయేముందు జ్వరంలో పిలిచినట్టే. ఎండ నడినెత్తికొచ్చేసరికి రోజూ ‘చలేస్తోందే, కప్పవే’ అంటాడు. నువ్వు తిడతావని, వచ్చేముందు తీసేస్తుంటాను. ఇవాళ ముందే వచ్చావని తెలియలేదు.”

వెనింగ్ ఏడ్చేసింది. పిచ్చి అనుకుందామంటే, ఆ దగ్గు నేనూ విన్నాను.

“అమ్మమ్మా, అప్పుడాయనది మనిషి ఒళ్లు,” అన్నాను. “ఇప్పుడు చెమటపట్టని ఒళ్లు. కప్పితే లోపలే ఉడికిపోతాడు. ఈ అంకె ముప్ఫై రెండు దాటిందంటే ఆయనకు ఉక్కపోస్తోందని అర్థం.”

“ఆయనకు అంకెలు రావు నాయనా.”

“మీకొచ్చుగా. ఆయన పిలిచినప్పుడల్లా ఈ గుడ్డ మీద నీళ్లు చల్లండి. జ్వరానికి నుదుట తడిగుడ్డ వేసినట్టే.”

ఆవిడ పాముకేసి చూసి, తనే కుంపట్లో నీళ్లు పోసింది.

ఆనాటినుంచి యంత్రం ఎలా ఉందో చూడ్డానికని రోజూ మధ్యాహ్నం వెళ్లాను. యంత్రానికి ఏ రోగమూ లేదు. రోగమంతా నాకే. ఒకరోజు ఎండ నిప్పులు చెరుగుతుంటే, అమ్మమ్మ తడి చేతులతో వచ్చి నా ఎదుట నిలబడింది.

“ఇవాళ మళ్లీ పిలిచాడు.”

వెనింగ్ ముఖం పాలిపోయింది. “చలేస్తోందనా?”

“కాదే. ‘గెంబుల్ రోజూ ఎండనపడి వస్తున్నాడు, ఎందుకో అడుగు’ అన్నాడు. నీ పేరు దమర్ కదా, ఈ గెంబుల్ ఎవరు నాయనా?”

గ్లాసు నా చేతిలోంచి జారిపోయింది. గెంబుల్ అంటే బొద్దుగాడు. ఇప్పుడు నేను ఎండుకట్టెను. నన్నలా పిలిచింది మా అమ్మ ఒక్కతే. నాకు ఆరేళ్లు నిండకముందే ఆవిడ పోయింది. ఆ పేరు నేను ఎవరికీ చెప్పలేదు.

“నేనే,” అన్నాను. “వెనింగ్ కోసం వస్తున్నాను. ఆమె ఒప్పుకుంటే పెళ్లి చేసుకుంటాను.”

“నాకు కాదు, ఆయనకు చెప్పు.”

పాము అద్దం వెనక మెల్లగా తలెత్తింది. దాని కళ్లలోకి చూస్తూ మళ్లీ చెప్పాను. గదంతా లవంగాల వాసన కమ్ముకుంది. నా పళ్లు టకటకమంటున్నాయి.

వెనింగ్ దగ్గరికొచ్చింది. మొదటిసారి ‘మీరు’ అనడం వదిలేసి అడిగింది.

“చలేస్తోందా నీకు?”

“ఆఁ.”

ఆమె గూట్లోంచి గళ్ల దుప్పటి తీసి, నా భుజాల చుట్టూ కప్పి, అంచులు గట్టిగా పట్టుకుంది.

“ఉంచుకో గెంబుల్,” అంది అమ్మమ్మ. “ఆయనకిక అక్కర్లేదట.”