ఆషేరు గురించి ఒక పేజీ

గుంటూరులో బళ్ళు మూతపడి అప్పటికి తొమ్మిదేళ్ళు. వాటిని మూసింది ఎండ. ఫిబ్రవరి నెలాఖరుకే నలభై అయిదు డిగ్రీలు, మే నెలలో యాభై రెండు. ఉదయం ఎనిమిదిన్నరకి సైరన్ మోగేది. ఆ తర్వాత సాయంత్రం ఆరింటి సైరన్ దాకా వీధిలో మనిషి కనిపిస్తే పోలీసులు వ్యాన్ ఎక్కించి ఇంట్లో దించి వెళ్ళేవాళ్ళు. అలాంటి ఊళ్ళో పిల్లల్ని బడికి పంపేదెలా? అందుకే జిల్లాలోని పిల్లలంతా ఇళ్ళలోనే చదువుకుంటున్నారు. పాఠాలు తెరమీద వస్తాయి, పరీక్షలూ తెరమీదే. కానీ పాఠాలతో తనివి తీరని పిల్లలు కొందరుంటారు. వాళ్ళకోసం గృహవిద్యా కేంద్రం పత్రికలు ఇచ్చేది. కాగితానికి కరువు రోజులు కాబట్టి ఇంటికి నెలకి ఒక్కటే.

ఆ ఒక్కటీ ఏదవ్వాలన్నది ఎస్తేరుకి నెలనెలా వచ్చే బెంగ.

ఎస్తేరు ఒకప్పుడు సైన్సు టీచరు. బడి పోయాక తన ఇద్దరు పిల్లలే ఆమెకి బడి. కెజియాకి పద్నాలుగేళ్ళు, ఆషేరుకి పదకొండు. భర్త దావీదు మిర్చి కోల్డ్ స్టోరేజిలో సూపర్‌వైజరు. పొద్దుటి సైరన్‌కి ముందే వెళ్ళి సాయంత్రం సైరన్ తర్వాత వచ్చేవాడు. ప్రతి నెలా ఒకటో తారీకున ఎస్తేరు తెల్లవారగానే కేంద్రానికి వెళ్ళేది. అక్కడ తాడుమీద వరసగా వేలాడదీసిన పత్రికల ముందు నిలబడి ఒక్కొక్కటీ తిరగేసేది. కష్టమైన మాటకి అక్కడికక్కడే అర్థం చెప్పారా, ప్రయోగాలకి వంటింట్లో దొరికే సామాను సరిపోతుందా, అన్నీ చూసుకునేది. ఎంత చూసినా ఏం లాభం? చిన్నపిల్లల పత్రిక తెస్తే కెజియా పెదవి విరిచేది. పెద్దపిల్లలది తెస్తే ఆషేరు దాన్ని విసనకర్రగా వాడేవాడు. మధ్యరకంగా ఏదో ఒకటి తెస్తే ముందు ఎవరు చదవాలన్న దగ్గర కొట్లాట. చివరికి ఇద్దరూ గచ్చుమీద బోర్లా పడుకుని, కెజియా పైకి చదువుతుంటే ఆషేరు వాక్యానికొకసారి అడ్డంపడి "ఎందుకూ?" అనేవాడు. "నోరు మూసుకుని వినరా" అని అది వాడి నెత్తిన మొట్టేది.

ఒకరోజు తిమింగిలాల చెవుల గురించిన పేజీ దగ్గర పెనుగులాడి, ఆ పేజీని నిలువునా చింపేశారు. చెరో సగమూ పట్టుకుని ఇద్దరూ ఏడుస్తుంటే ఎస్తేరుకి విసుగెత్తిపోయింది. మర్నాడే డాక్టర్ పరాంకుశం దగ్గరికి వెళ్ళింది.

పరాంకుశం ఆ కేంద్రంలో శాస్త్రవేత్త. అరవై దాటినవాడు, నెమ్మదస్తుడు. ఆయన బల్లమీద మామూలు టేబుల్ లైటులా కనిపించే వస్తువొకటి ఉంది. మెడవంపులో ఆవగింజలంత కెమెరాలు రెండు, చిన్న మైకు ఒకటి. దానికి ఆయన పెట్టిన పేరు క్యూరియోస్కోప్. తర్వాత ఊళ్ళో అందరూ దాన్ని చదువు లైటు అన్నారు.

"పిల్ల పుస్తకం చదువుతుందమ్మా. ఈ లైటు పిల్లని చదువుతుంది" అన్నాడాయన.

"అంటే ఏం చేస్తుంది సార్?"

"దేనిమీదైనా మనకి ప్రశ్న పుట్టినప్పుడు కంటిపాప రవ్వంత పెద్దదవుతుంది. ఊపిరి అరక్షణం ఆగుతుంది. చూపు వెనక్కెళ్ళి అదే వాక్యాన్ని మళ్ళీ తడుముతుంది. కొందరు పిల్లలు గొణుక్కుంటారు కూడా. ఇవన్నీ పట్టుకుని, ఏ వాక్యం దగ్గర ఎంత ప్రశ్న పుట్టిందో నూటికి ఇన్ని అని చెబుతుంది. ఆ తర్వాత ప్రపంచంలో పిల్లలకోసం వచ్చే పదకొండు వేల పత్రికలూ వెతికి, ఆ పిల్లకి కావలసిన నలభై పేజీలు ఏరి, తెలుగులో పెట్టి అచ్చువేస్తుంది. ఒక్క పేజీ కూడా వృథా పోదు. అందుకే పిల్లకొకటి చొప్పున ఇవ్వడానికి ఒప్పుకున్నారు."

"ఇంక ఎంచుకోవడం నా నెత్తిమీద ఉండదా?"

"ఉండదమ్మా. కొట్లాటా ఉండదు."

ఎస్తేరు ఆ పూటే సంతకం పెట్టి రెండు లైట్లు ఇంటికి తెచ్చుకుంది.

మొదటి సంచికలు వచ్చిన రోజు ఆ ఇంట్లో పండగలా ఉంది. కెజియా పత్రిక నిండా మనుషులు మర్చిపోయిన లిపులు, ఇంతవరకూ ఎవరూ చదవలేకపోయిన రాతిపలకలు. ఆషేరు పత్రిక నిండా చీమలు, చెదలు, వాటి పుట్టలు. అట్టమీద ఎవరి పేరు వాళ్ళకి. రెండు గదుల్లో రెండు లైట్లు వెలిగాయి. కొట్లాటలు ఆగిపోయాయి. పక్కవాటా ఆవిడ వచ్చి "మీ ఇంట్లో పిల్లలున్నారా అసలు?" అంటే ఎస్తేరు గర్వంగా నవ్వింది.

ఏడాది గడిచేసరికి ఆ నిశ్శబ్దం ఆమెకి మింగుడుపడకుండా పోయింది. నెలనెలా లైటు ఇంకొంచెం సూటిగా ఏరుతోంది. పిల్లలు ఇంకొంచెం లోతుకి దిగుతున్నారు, ఎవరి బావిలోకి వాళ్ళు. ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆషేరు కళ్ళు పెద్దవి చేసుకుని, "అక్కా, చెదల పుట్టలో గాలి ఎలా తిరుగుతుందో తెలుసా? వాటికి ఏసీ అక్కర్లేదు" అన్నాడు.

కెజియా ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు మర్యాదగా చూసింది. "వాటికి లిపి ఉందా?" అంది.

"చెదలకా? లేదు."

"ఓహో" అని అన్నం కలుపుకుంది.

వాడు కంచం తీసుకుని లేచిపోయాడు. కెజియా మొట్టినా బాగుండుననిపించింది ఎస్తేరుకి. ఆ నెలే కేంద్రంలో మూల పడున్న పాత పత్రికొకటి అడిగి తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. రెండు పేజీలు తిప్పి, బోరుగా ఉందమ్మా అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఏడాదిలో వాళ్ళిద్దరూ కలిసి అన్న మాట అదొక్కటే.

ఆమె మళ్ళీ పరాంకుశం దగ్గరికి వెళ్ళింది.

"మా పిల్లలు ఒకరికొకరు ఏమీ కాకుండా పోతున్నారు సార్. లైట్లు తీసేస్తాను."

"తీసేస్తే మాత్రం ఆ రుచి పోతుందా అమ్మా? ఇలా అన్నది మీరొక్కరే కాదు" అంటూ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక పని చెయ్యొచ్చు. ఆషేరు ఏం చదువుతున్నాడో, ఎక్కడ ఆగుతున్నాడో, ఏం గొణుక్కుంటున్నాడో వాడి లైటు దగ్గర ఉంది. కెజియా పత్రికలో నెలకొక పేజీ తమ్ముడి గురించి వేయిస్తాను. ఆ పిల్లకి నచ్చేలా రాయడం యంత్రానికి బాగా తెలుసు" అన్నాడు.

ఎస్తేరు ఆశగా ఒప్పుకుంది.

ఆ ఉపాయం పని చేసింది. మొదటి పేజీ చదివి కెజియా పకపకా నవ్వింది. "వీడు చీమలకి పేర్లు పెట్టుకున్నాడమ్మా! వీడికి బల్లి అంటే ఇంత భయమా?" అంది. నెల తిరిగేసరికి ఆ పేజీకోసమే ఎదురుచూసేది. వాడు ఎదురైతే కొత్త ఆసక్తితో, తెలిసినవాణ్ణి చూసినట్టు చూసేది. ఎస్తేరుకి ప్రాణం లేచొచ్చింది. పిల్లది చదివేశాక ఆ సంచిక తీసుకుని తనూ ఆ పేజీ చదువుకునేది. తన కడుపున పుట్టినవాడి గురించి తనకే తెలియని సంగతులు ఎన్ని ఉన్నాయో అందులో.

మే నెల పదహారు. బయట యాభై ఒకటి. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆషేరు అక్క గదిలోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. భుజాన తడితువ్వాలు, చేతిలో భూతద్దం.

"అక్కా, నీకొకటి చెప్పాలి. మన మేడమీద నిన్న..."

"చెప్పకురా!" కెజియా రెండు చెవులూ మూసుకుంది. "ఇప్పుడే చెప్పేస్తే ఆ పేజీలో ఇంకేం మజా ఉంటుంది? వచ్చే నెల చదువుతాగా."

"పేజీలో రాదక్కా. ఇది లైటు దగ్గర జరగలేదు. నువ్వే వచ్చి చూడాలి."

"వెళ్ళరా బాబూ, చదువుకోనీ."

వాడు కాసేపు గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోయాడు. వీధితలుపు గడియ తీసిన చప్పుడు ఎస్తేరు విన్నది. లోపలి గదిలో కూలర్ పక్కన పడుకుని ఆమె కెజియా చదివేసిన పత్రిక చదువుతోంది. ఆ పేజీలో ఆషేరు ఒక ఎడారిచీమ దగ్గర ఆగిపోయాడని ఉంది. శత్రువులన్నీ ఎండకి దాక్కున్న వేళ చూసుకుని, మిట్టమధ్యాహ్నం కొద్ది నిమిషాలు మాత్రమే బయటికొచ్చే చీమ అది. ఆ వాక్యాన్ని వాడు పద్దెనిమిదిసార్లు చదివాడట. వాణ్ణి తలుచుకుని ఆమెకి ముద్దొచ్చింది. ఆ పేజీ అయ్యాక లేద్దామనుకుంది.

రెండు దాటాక నీళ్ళకోసం లేచింది. వాడి గది ఖాళీ. తలుపు ఓరగా ఉంది. మెట్లు ఎక్కుతుంటే ఇనుప కమ్మీకి చెయ్యి తగిలి చర్మం ఊడింది. వాడు వాటర్ ట్యాంక్ పక్కన, నీడకి రెండడుగుల అవతల, గచ్చుమీద బోర్లా పడున్నాడు. తువ్వాలు అట్టలా ఎండిపోయింది. భూతద్దం ఇంకా చేతిలోనే ఉంది. ఎస్తేరు వాణ్ణి ఎత్తుకుని మెట్లమీద కూలబడి అరిచిన అరుపుకి, ఆ వేళప్పుడు తెరవని తలుపులన్నీ తెరుచుకున్నాయి.

మూడు రోజులు ఆసుపత్రిలో ఐసుమీద ఉంచారు. వాడు కళ్ళు తెరవకుండానే పోయాడు. నాలుగోరోజు ఉదయం ఎనిమిదింటికల్లా, సైరన్ మోగకముందే, మట్టిచేసి ఇంటికొచ్చారు. పాస్టరుగారు వెనకాలే వచ్చి ప్రార్థన చేసి వెళ్ళాడు. కెజియా ఏడవలేదు. "వాడేం చెప్పబోయాడమ్మా?" అని ఒక్కసారి అడిగింది. నాకేం తెలుసే అంది ఎస్తేరు.

జూన్ ఒకటిన పత్రిక వచ్చింది. యంత్రానికి చావు తెలియదు కదా. ఎప్పట్లాగే ఆషేరు పేజీ ఉంది. "ఆషేరు ఈ మధ్య ఎక్కువగా కిటికీలోంచి మేడమెట్ల వైపు చూస్తున్నాడు" అని మొదలైంది. కెజియా ఆ పేజీని పొద్దుటినుంచి సాయంత్రం దాకా చదివింది. లైటు ఆమె కంటిపాపలు చూసింది, ఆగిపోయిన ఊపిరి లెక్కపెట్టింది. నూటికి తొంభై ఏడు. ఆ జిల్లాలో ఏ పిల్లకీ అంత రాలేదు. జులైలో ఆషేరు గురించి తొమ్మిది పేజీలు వచ్చాయి. ఆగస్టులో మొత్తం నలభై. రాతిపలకలు ఒక్కటీ లేవు. వాడు ఏ మాట దగ్గర తడబడ్డాడో, ఏ బొమ్మ చూసి నవ్వాడో, ఏ చీమకి అక్క పేరు పెట్టాడో, అన్నీ ఉన్నాయి. మేడమీది సంగతి ఒక్కటే లేదు. కెజియా ఆ నలభై పేజీలూ ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి అంచులు నలిపేసింది. అన్నం మానేసింది.

దావీదు ఒకరోజు ఆ లైటు పగలగొడతానని చెయ్యెత్తాడు. కెజియా దాన్ని పొదివి పట్టుకుని, "ఇందులో వాడున్నాడు నాన్నా" అంది. ఆయన చెయ్యి దించేశాడు. మర్నాటి నుంచి పనికి పోవడం కూడా మానేశాడు.

సెప్టెంబరు సంచికలో నాలుగే పేజీలున్నాయి. చివర ఒక వాక్యం: "ఈ విషయం మీద ఇక సమాచారం లేదు."

రెండు రోజుల తర్వాత పొద్దున్నే పరాంకుశం వచ్చాడు. మనిషి బాగా వడిలిపోయాడు. ఎస్తేరు కుర్చీ వేసింది. దావీదు గోడకి ఆనుకుని కూర్చుని తలెత్తలేదు.

"మీ ఇంటి గడప తొక్కడానికి నాకు మొహం చెల్లలేదమ్మా. కెజియా నాకు ఉత్తరం రాసింది. అందుకే వచ్చాను" అన్నాడు పరాంకుశం.

"ఏం రాసింది?"

"ఆరోజు మేడమీద వాడేం చూశాడో యంత్రాన్ని ఊహించి రాయమని. అక్కడ లైటు లేదు, దానికి నిజం తెలియదు. కానీ వాడి మాటలు రెండేళ్ళవి ఉన్నాయి. వాటినిబట్టి, వాడు చెప్పినట్టే రాయగలదు. నెలనెలా రాస్తుంది. పద్నాలుగేళ్ళొస్తే వాడేం అడిగేవాడో, పదిహేనొస్తే ఏం అడిగేవాడో. ఈ పని నేను చెయ్యకూడదనే అనుకున్నాను. అయితే తను అన్నం తినడం లేదని పిల్లే రాసింది. పెద్దవాళ్ళ అనుమతి ఉండాలి."

"అది వాడు కాదు కదా సార్."

"కాదమ్మా."

"అబద్ధమని దానికి తెలుసా?"

"ఉత్తరంలో మొదటి వాక్యం అదే. అబద్ధమైనా ఫరవాలేదంది."

ఎస్తేరు అనుమతి కాగితం అందుకుంది. వద్దని చెప్పాలని నోటిదాకా వచ్చింది. గదిలోంచి పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది, అయిపోయిన పేజీలే మళ్ళీ. ఆమె సంతకం పెట్టింది. పెన్ను తిరిగి ఇస్తూ, ఆయన మొహంలోకి చూడకుండా, "రెండు కాపీలు వేయించండి సార్" అంది.

పరాంకుశం రాసుకోబోతున్నాడు. గోడ దగ్గర దావీదు తల ఎత్తాడు.

"మూడు" అన్నాడు.