మూడో నంబరు కిటికీ

నీళ్ళ ఆఫీసు కంట్రోల్ రూములో మూలనున్న కుర్చీ మంచిది కాదని అక్కడ అందరికీ తెలుసు. రాత్రి డ్యూటీ వాళ్ళు దానికి వీపు పెట్టి కూడా కూర్చోరు. దాని ముందున్న కీబోర్డు మీద ఎవరి చెయ్యీ ఉండదు... అయినా తెర మీద అక్షరాలు పడతాయి.

నేను కళ్ళారా చూడలేదు. అక్కడే పనిచేసే మా వదిన చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆమె గొంతులో వణుకు లేదు, పళ్ళు కొరుకుతూనే ఉంది. వింటున్న నాకూ ఒళ్ళు మండిపోయింది. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు, నా కడుపుమంట చల్లారక చెప్తున్నాను.

ఆ కుర్చీ వదిన వాళ్ళ నాన్నది. జుట్టు నెరిసేదాకా ఆయన అక్కడే పనిచేశాడు. ఒక రాత్రి ఆ కుర్చీలోనే గుండె ఆగి పోయాడు.

ఆ గదిలో ఉన్నది ఒక్కటే తెర. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, బొమ్మలూ గిమ్మలూ ఏమీ ఉండవు. అందులో వరసగా నంబర్లు వేసిన కిటికీలు. ఒకదాన్లో రిపోర్టులు నడుస్తుంటాయి, ఇంకోదాన్లో ట్యాంకులోకి నీళ్ళు వదిలే వాల్వు. పని మధ్యలో అది ఆగి అడుగుతుంది — "వాల్వు తెరవాలా? వై / ఎన్." మనిషి సరేనని వై నొక్కి ఎంటర్ కొడితే గానీ కదలదు.

పెద్దాయన పోయాక మొదలైంది. అర్ధరాత్రి దాటాక ట్యాంకులో నీళ్ళు తగ్గుతాయి. తెర అడుగుతుంది. గదిలో అలికిడి ఉండదు. కాసేపటికి... వై. ఆ వెంటనే ఎంటర్. వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది.

ఒకాయన ఆఫీసరు కాళ్ళావేళ్ళా పడి డ్యూటీ మార్పించుకున్నాడు. ఇంకొకాయన తెల్లవార్లూ పాటలు పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాడు. వదిన మాత్రం అడిగి మరీ రాత్రి డ్యూటీ వేయించుకుంది.

"భయం వెయ్యలేదా వదినా?" అన్నాను.

"మా నాన్నంటే నాకు భయమేంటయ్యా?"

వై పడగానే "సరే నాన్నా" అనేదట. ఇంట్లో సంగతులన్నీ చెప్పేదట, ఆయన బతికుండగా నోరు విప్పి చెప్పలేనివి కూడా.

ఆ రాత్రి ట్యాంకు కడుగుతున్నారు. ఊరు నీళ్ళు తక్కువ వాడే వేళ అదే కదా. నిచ్చెన దిగి అడుగున బురద గీకుతున్నది మా అన్నయ్య. అక్కడ ఫిట్టరు. లోపల మనిషి ఉంటే వాల్వుకి కరెంటు తీసెయ్యాలి, అది రూలు. వాళ్ళ ఆఫీసరుగారికి రూలంటే ఒంటికి పడదు. "మళ్ళీ కనెక్షన్ ఇచ్చే తంటా ఎవడు పడతాడు? అడిగితే ఎన్ నొక్కండి, చాలు," అని ఆ మహానుభావుడు ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాడు.

వదిన ఆ గదిలోనే అవతలి గోడ దగ్గర మంచినీళ్ళు తాగుతోంది. ట్యాంకు ఖాళీ... తెర అడిగింది.

వాల్వు తెరవాలా?

"ఆగు నాన్నా. లోపల నీ అల్లుడున్నాడు," అంది మెల్లగా. గ్లాసు కింద పెట్టింది. అటువైపు నడిచింది.

చెయ్యి చాపితే కీబోర్డు అందేంత దగ్గరికి వచ్చింది. అప్పుడు —

వై.

ఎంటర్.

"నాన్నా... వద్దు..."

ఎన్ నొక్కింది. మళ్ళీ మళ్ళీ నొక్కింది. తెరుచుకోవడం ఒకసారి మొదలైతే, పూర్తయ్యేదాకా ఆ ప్రోగ్రాము ఇంకో మాట వినదు. గోడ వెనక గొట్టాలు గుర్రుమన్నాయి. వదిన ఆ ఖాళీ కుర్చీని ఒక్క తన్ను తన్ని, "నువ్వసలు తండ్రివేనా?" అని అరిచి పరిగెత్తింది.

వాల్వు గదిలో మెయిన్ స్విచ్ లాగేసింది. చక్రం పట్టుకుని చేత్తోనే తిప్పింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ట్యాంకు పైకెక్కి తొంగి చూసేసరికి అన్నయ్య నిచ్చెనని కరుచుకుని ఉన్నాడు, ఛాతీ దాకా నీళ్ళు. కాలు జారి ఎముక విరిగినా పట్టు మాత్రం వదల్లేదు.

తెల్లారాక కంప్యూటర్లు చూసే ఆయన్ని పిలిపించారు. అందరూ కళ్ళజోడు అంటారు. తెర వైపు కూడా చూడకుండా తలదించుకున్నాడు.

"దెయ్యం కాదక్కా... ప్రోగ్రాము."

రాత్రి రిపోర్టులు మాటిమాటికీ "పంపాలా?" అని అడుగుతాయట. దానికో మనిషెందుకని ఆఫీసరు ఒక చిన్న ప్రోగ్రాము పెట్టించాడు. అర్ధరాత్రి దాటాక మూడో నంబరు కిటికీలో ఏ ప్రశ్న కనిపించినా, మనిషి వేలితో కొట్టినట్టే అది వై కొట్టి ఎంటర్ వేస్తుంది. ప్రశ్న ఏంటో చదవదు. పెద్దాయన ఉన్నన్నాళ్ళూ మూడోది రిపోర్టులది. ఆయన పోయాక ఆయన పేరు మీదున్న కిటికీ మూసేశారు. దాని వెనకవన్నీ ఒక్కో నంబరు ముందుకి జరిగాయి. మూడో నంబరులోకి వాల్వు వచ్చింది. ప్రోగ్రాముకి నంబరు తప్ప ఇంకేం తెలుసు?

"నీకిది ఇవాళే తెలిసిందా?" అంది వదిన.

కళ్ళజోడు ఆఫీసరు వైపు చూశాడు. "రిపోర్టులు వై పడక ఆగిపోతున్నప్పుడే కనిపెట్టానక్కా. సార్‌కి చెప్పాను. అలాగే ఉండనీ అన్నారు... దెయ్యం భయంతో రాత్రి డ్యూటీలో ఎవరూ నిద్రపోవడం లేదని."

ఆఫీసరు నవ్వాడట. సిగ్గూ శరం లేకుండా నవ్వాడట.

"పోనీలేమ్మా. దెయ్యం లేదని తేలిపోయింది, మీ ఆయనా బతికాడు. ఇంకేం కావాలి?"

వదిన బొబ్బలెక్కిన చేతులు రెండూ ఆయన బల్ల మీద పెట్టింది.

"తెర అడిగినప్పుడు పరిగెత్తి ఉంటే నాకు అందేది సార్. నేను నడిచాను. లోపల మా ఆయనుంటే... మా నాన్న వై కొట్టడనుకున్నాను."