కంటినిండా నిద్ర

ఉదయం ఏడు గంటలకు పద్మ వేడి ఇడ్లీల ప్లేటు కూతురి ముందు పెట్టింది. త్రివేణి ప్లేటు వైపు తల తిప్పిందే కానీ చూపు దాని మీద లేదు. ఎక్కడో నీళ్ల అడుగున కూర్చున్నట్టు మెల్లగా రెప్పలాడించింది.

"తినవే, సల్లారిపోతది."

"వద్దమ్మా. వాసనకే కడుపుల తిప్పుతున్నది."

"నిన్న గదే అన్నవ్, మొన్న గదే అన్నవ్. లావైతనని భయమా? కాలేజీల ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవరేమనలే. జర వదిలెయ్ అమ్మా." త్రివేణి బ్యాగు భుజాన వేసుకుని, చిక్కడపల్లి సందులోంచి నారాయణగూడ వైపు నడిచి వెళ్లిపోయింది. నడకలో కూడా తూలుతున్నట్టే ఉంది.

త్రివేణికి పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం. తండ్రి కిషన్ రావు అశోక్‌నగర్‌లో మెస్సు నడుపుతాడు. ఉద్యోగ పరీక్షలకు చదివే నూట యాభై మంది రోజూ రెండు పూటలా అక్కడే తింటారు. పద్మక్క చేతి పప్పంటే వాళ్లకు ప్రాణం. ఊరుగాని ఊరొచ్చిన అంతమంది పిల్లలకు కడుపునిండా పెట్టే పద్మ, కన్నకూతురి చేత నాలుగు ముద్దలు తినిపించలేక రెండు నెలలుగా కుమిలిపోతోంది.

ఆ రోజు మంచం మీద దుప్పటి మారుద్దామని పరుపు ఎత్తింది. కింద చిప్స్ ప్యాకెట్లు, నూడుల్స్ కవర్లు, బిస్కెట్ల కాగితాలు. అన్నీ కలిపి చిన్న సంచెడు ఉన్నాయి. పద్మకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో అన్నం వాసన పడదు, ఇవి మాత్రం పడతాయా?

ఆ కోపంతోనే మెస్సుకు వెళ్లి కూరలు తరుగుతుంటే పదకొండు గంటలకు ఫోన్ మోగింది. మీ అమ్మాయి మూడు రోజులుగా మధ్యాహ్నం క్లాసులకు రావడం లేదని కాలేజీ నుంచి చెప్పారు. పద్మ చేతిలో కత్తి ఆగిపోయింది. ఆమె మనసు పోకూడని చోట్లన్నిటికీ పోయివచ్చింది. భర్తకు చెప్పే ధైర్యం లేక, వంటింటి వెనక నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భోజనానికి వచ్చిన సరిత అది చూసింది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి రెండేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్న పిల్ల. విషయం విని దగ్గరికి జరిగింది.

"అక్కా, నన్ను తిట్టొద్దు. త్రివేణి మా లైబ్రరీల ఉంటది. ఒంటి గంట కొట్టంగనే వస్తది."

"లైబ్రరీలనా? ఎవరితోని?"

"ఎవరితోని లేదక్కా. వచ్చి పండుకుంటది, అంతే. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది."

చిక్కడపల్లి లైబ్రరీ ఆ మధ్యాహ్నం నిశ్శబ్దంగా ఉంది. పైన ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు, ఎవరో పేజీ తిప్పిన చప్పుడు. కిటికీలోంచి పడిన ఎండ, బల్లల మీద మెల్లగా జరుగుతోంది. ఆ వెలుగు పక్కనే త్రివేణి మోచేతి మీద తల వాల్చి నిద్రపోతోంది. పెదవులు కొద్దిగా తెరుచుకున్నాయి. ముంగురులు ఊపిరికి కదులుతున్నాయి.

తిట్టడానికి వచ్చిన పద్మ, మెస్సు నుంచి తెచ్చిన అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని పక్కన కుర్చీలో కూర్చుండిపోయింది. కూతురు నిద్రపోతుంటే చూసి ఎంత కాలమైందో ఆమెకు గుర్తుకు రాలేదు. పసితనంలో పాలు తాగుతూ తాగుతూనే నిద్రపోయేది. లేచి మళ్లీ నోరు చప్పరించేది. ఆ పిల్లే ఈ పిల్లని నమ్మడానికి పద్మకు చాలా సేపు పట్టింది. లేపడానికి చెయ్యి రాలేదు. బయట ఆటోల హారన్లు ఏదో వేరే ఊళ్లో మోగుతున్నట్టు వినిపించాయి. అలా గంటన్నర గడిచింది.

త్రివేణి కళ్లు తెరిచింది. ఎదురుగా తల్లి. కలేమో అనుకున్నట్టు కాసేపు చూసింది. తర్వాత భయపడాల్సింది పోయి, చిన్న గొంతుతో, "అమ్మా, ఆకలైతున్నది" అంది.

ఇద్దరూ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. పద్మ తెచ్చిన డబ్బాలోని పప్పన్నం, బీరకాయ కూర త్రివేణి మొత్తం తినేసింది. పద్మ కళ్లు తుడుచుకుంటూ చూస్తూ ఉంది.

"నేను గూడ ఇట్లనే చేసిన అక్కా మొదటి ఏడు," అంది, చదువు మధ్యలో బయటికొచ్చి వెనక నిలబడిన సరిత. "నిద్ర తక్కువైతే అన్నం మీదికి మనసు పోదు. చిప్స్ మాత్రం ఎన్నైన తినబుద్ధైతది."

రాత్రి మెస్సు మూసి వచ్చిన కిషన్ రావుకు పద్మ అంతా చెప్పింది. ఆయన గొంతు లేచింది.

"కాలేజీ ఎగ్గొట్టి పండుకునుడేంది? నాలుగు గంటలకు లేస్తే ఏమైతది? మార్కెట్‌కు పోనీకి నేను లేస్తలేనా?"

"మీరు మధ్యాహ్నం మెస్సు కట్టేసినంక రెండు గంటలు పంటరు. అదెప్పుడు పండాలె?" అంది పద్మ.

"పిల్లలకు అన్ని గంటలు నిద్రెందుకే? పండుకుంటే సీటు వస్తదా?"

తలుపు దగ్గర నిలబడిన త్రివేణి మొదటిసారి నోరు విప్పింది. "నాన్నా, కాలేజీ నుంచి వచ్చేసరికే ఎనిమిదైతది. రాసుకునేది అయ్యేసరికి పన్నెండున్నర. నువ్వు నాలుక్కు లేపుతవ్. పొద్దున అన్నం చూస్తెనే వాంతికొచ్చినట్టయితది."

"మరి ఆ చిప్స్ ఎట్ల తింటున్నవ్?"

"పదకొండు దాటితే కండ్లు మూస్కపోతయ్. ఏదన్న నములుతుంటెనే మేల్కొని ఉంట. నువ్వు చదువుకొమ్మన్నవని తింటున్న నాన్నా, ఆకలై కాదు."

కిషన్ రావు దగ్గరికి వచ్చాడు. కూతురి కళ్ల కింది నలుపు అప్పుడే కొత్తగా వచ్చినట్టు చూశాడు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున, అలవాటు ప్రకారం ఆయన కూతురి గది దాకా వచ్చాడు. స్విచ్ మీద చెయ్యి పెట్టి ఆగాడు. తర్వాత తలుపు దగ్గరికి వేసి, స్కూటర్‌ను స్టార్ట్ చెయ్యకుండా సందు చివరి దాకా తోసుకుంటూ వెళ్లాడు. వారంలోపే కాలేజీకి వెళ్లి, సాయంత్రం స్టడీ అవర్స్ మాన్పించి వచ్చాడు. పదిన్నరకల్లా ఇంట్లో దీపాలన్నీ ఆర్పడం ఆయన పనే అయింది.

అన్నీ ఒక్కసారిగా మారలేదు. ఇడ్లీ ఇంకా సగం మిగులుతూనే ఉంది. ఒకటి రెండు రాత్రులు త్రివేణి చిప్స్ కోసం వెతుక్కుంది కూడా. మూడో ఆదివారం తొమ్మిది దాకా నిద్రపోయి, స్నానం చేసి, తడి జుట్టుతో తనంతట తానే అశోక్‌నగర్‌కు నడిచి వెళ్లింది. మెస్సులో సరిత పక్కన బల్ల ముందు కూర్చుంది. కిషన్ రావు వరసగా వడ్డిస్తూ వచ్చి కూతుర్ని చూసి ఆగాడు.

"పెట్టు నాన్నా. మస్తు ఆకలైతున్నది."

ఆయన పెట్టాడు. ఆమె తింది. మళ్లీ పెట్టించుకుంది. కిషన్ రావు గరిటె గిన్నెలో వదిలేసి వంటింట్లోకి వచ్చి, పొయ్యి ముందున్న పద్మకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఆకలంటే పెట్టిన," అన్నాడు. "నా బిడ్డకే ఆకలి లేకుండ చేసిన పద్మా."

పద్మ పొయ్యి సన్నగా తగ్గించింది. ఆయన భుజం మీద చెయ్యి వేసి, గరిటె తెచ్చి మళ్లీ ఆయన చేతిలో పెట్టింది. అవతల్నుంచి త్రివేణి పిలుస్తోంది, చారు పొయ్యమని.