దీవి వెనక ఇరవై నిమిషాలు

శుక్రవారం పొద్దున ఎనిమిదిలోపు అయిపోవాల్సిన పనులు:

ఒకటి. కోస్ట్‌గార్డు పర్మిట్ మూడు కాపీలు తీసుకోవాలి.
రెండు. పది మంది నర్సమ్మల ఇఖామా గుర్తింపు కార్డుల నంబర్లు ఇంకోసారి సరిచూడాలి.
మూడు. లైఫ్ జాకెట్లు పదమూడు. ఒక్కోదాని ఈల ఊది చూడాలి.
నాలుగు. ఐసు నాలుగు సంచులు. కేకుకు వేరే డబ్బా.
ఐదు. బాలన్న గడ్డం గీసుకునేలా చూడాలి.
ఆరు. చేపల పులుసు గిన్నె మూతకు టేపు చుట్టాలి. తెల్ల సోఫాల మీద ఒక్క చుక్క పడినా నా ఉద్యోగం పోతుంది.
ఏడు. చెప్పాలి.

ఏడో దాంట్లో ఎవరికి చెప్పాలో, ఏం చెప్పాలో రాయలేదు. రాస్తే బాలన్న చదువుతాడు.

నా పేరు సదానందం. మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. జెద్దాలో ఒబుర్ తీరాన ఒక యాట్ కంపెనీలో బుకింగులు చూస్తాను. యాట్ అంటే పెద్ద మోటారు పడవే, కాకపోతే లోపల సోఫాలు, ఏసీ, వంటగది ఉంటాయి. ఒక్క గుంపుకే ఒక పడవ. వాళ్ళను తీసుకెళ్ళి ఒక దీవి చుట్టూ తిప్పి, మధ్యాహ్నం అన్నం పెట్టి, సాయంత్రం దింపుతాం. బాలన్న మా పడవలో తాళ్ళు కట్టే మనిషి, మా పక్క ఊరివాడే. వయసులో నాన్నంత, మాటల్లో దోస్తు.

కెజియా అనే నర్సు ఫోను చేసింది మూడు వారాల క్రితం. ముందు ఇంగ్లిష్‌లో అడిగింది.

"బయటి ఫుడ్ తేవచ్చా?"

"నో మేడం. నూనె ఉన్నది అస్సలు వద్దు."

ఫోను పక్కకు పెట్టి ఎవరితోనో అంది. "వీడెవడో పత్యం మనిషిలా ఉన్నాడక్కా. చేపల పులుసు వద్దంట!"

"మేడం, నేను ఇంటున్న."

గబుక్కున ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నట్టుంది. తర్వాత చిన్న గొంతుతో, "తెలుగా?"

"తెలుగే."

"ముందే చెప్పొచ్చుగా!"

"మీరు చెప్పనిస్తే గద. ముందే తిట్టిన్రు."

ఆమె నవ్వింది. నేను ఆ నవ్వు గురించి ఎక్కువ రాయను, రాయడం రాదు. ఫోను పెట్టాక కూడా చెవిలో ఉండిపోయింది, అంతే.

విషయం ఏమిటంటే, వాళ్ళ హాస్పిటల్లో లీలక్క అనే సీనియర్ నర్సు పందొమ్మిదేళ్ళు పనిచేసి ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఊరికి వెళ్ళిపోతోంది. ఆమెకు ఒక్కటే కోరిక. యోహాను భక్తుడు ఉన్న పత్మాసు దీవి చుట్టూ పడవలో తిరగాలని. అది గ్రీసులో ఉంది. రెండుసార్లు వీసాకు పెట్టింది, రెండుసార్లూ రాలేదు.

"మీ పడవ గ్రీసులో తయారైందని వెబ్‌సైట్లో ఉంది, నిజమేనా?" అని అడిగింది కెజియా.

"నిజమే మేడం. కెప్టెన్ గూడ గ్రీకాయనే. ఆయన ఊరి నుంచి ఆ పత్మాసు కనవడ్తదట."

"అయితే ఇంకేం! పడవ గ్రీకుది, కెప్టెన్ గ్రీకు. సముద్రం ఒక్కటే కొంచెం మారింది."

పులుసు మీద మా గొడవ మాత్రం తేలలేదు. చివరికి ఆమే ఒక మాట అంది. గిన్నె తలకిందులు చేసినా చుక్క కారదని నిరూపిస్తానంది. షరఫియా బజారులో ఒక టైలరు షాపు ముందు కలిశాం. ఆ సాయంత్రం జెద్దాలో వాన! ఏడాదికి నాలుగు రోజులు పడే వాన, సరిగ్గా ఆ రోజే పడింది. షాపు రేకు కింద ఇద్దరం నిలబడ్డాం. ఆమె స్టీలు గిన్నె నా చేతికిచ్చింది.

"తిప్పండి."

"చొక్కా తెల్లది మేడం."

"అందుకేగా తిప్పమంటున్నా."

తిప్పాను. చుక్క కారలేదు. ఆమె కళ్ళెత్తి చూసిన చూపుకు గిన్నె జారి పడబోయింది.

"ఓడిపోయారు. ఇంటికి తీసుకెళ్ళి తినండి," అంది. "ముళ్ళుంటాయి, జాగ్రత్త."

ఆ రాత్రి మా అమ్మ గౌరవ్వకు ఫోను చేసి చెప్పాను, ఫలానా పిల్ల అంటే నాకు ఇష్టమని. అమ్మ అడిగిన మొదటి మాట, "ఆ పిల్లకు తెల్సా?" తెలియదన్నాను. "మరి నాకెందుకు చెప్తున్నవ్‌రా పిచ్చోడా!"

తర్వాత తెలిసింది, కెజియాకు తబూక్‌లోని హాస్పిటల్‌కు ట్రాన్స్‌ఫర్ అయిందని. వెయ్యి కిలోమీటర్లు. ఫ్లైటు కూడా శుక్రవారం సాయంత్రమే. పడవ దిగగానే హాస్పిటల్ వ్యాను వచ్చి ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్తుంది. అంటే చెప్పడానికి నాకున్నది ఆ ఎనిమిది గంటల సముద్రమే.

శుక్రవారం ఎనిమిదికి అన్నీ అయిపోయాయి, ఏడోది తప్ప. బాలన్న గడ్డం కూడా గీసుకున్నాడు. నర్సమ్మలు రంగురంగుల చున్నీలతో, పులుసు గిన్నెతో, కేకుతో జెట్టీ మీదికి వచ్చారు. లీలక్క పడవను చూసి రెండు చేతులూ జోడించింది. కెప్టెన్ టోపీ తీసి ఆమెకు వంగి నమస్కారం పెట్టాడు.

కోస్ట్‌గార్డు సార్జంటు లిస్టు చూసి, ఆడవాళ్ళను చూసి, మళ్ళీ లిస్టు చూశాడు.

"వాహిద్ నఫర్ జియాదా," అన్నాడు. ఒక మనిషి ఎక్కువ.

"అట్ల కాదు సార్, పది మందే," అని నేను లెక్కపెట్టాను. పదకొండు.

కెజియా లిస్టు లాక్కుని ఒక్కో పేరూ చదివింది. లీలక్క మొదలుకొని షాలిని దాకా పది పేర్లకూ పది చేతులు లేచాయి.

"సరిపోయిందిగా! పది," అంది కెజియా.

"మరి నువ్వు?" అంది షాలిని.

కెజియా చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. అందరి ఇఖామాలూ అడిగి తీసుకుని నాకు పంపింది. తనది పంపలేదు.

"డ్యూటీ మారేటప్పుడు వార్డులో ఉన్నవాళ్ళందరి పేర్లూ రాస్తామండీ," అంది ఏడుపు గొంతుతో. "రాసేవాళ్ళ పేరు రాసుకోం కదా. ఆ అలవాటులో..."

ఆమెనేం అనగలను? ఆ లిస్టును ముప్పైసార్లు సరిచూసినవాణ్ణి నేను. ఏ మనిషి కోసం ఇంత హడావుడి పడ్డానో ఆ మనిషి పేరే లేదని నాకు కనపడలేదు.

పడవకు పర్మిషన్ పదమూడు మందికి. పది మంది గెస్టులు, కెప్టెన్, బాలన్న, నేను. పద్నాలుగోవాళ్ళను ఎక్కించేది లేదని సార్జంటు చెప్పేశాడు. కావాలంటే ఒక పేరు తీసి ఇంకో పేరు రాసిస్తాను, పది నిమిషాల పని, అన్నాడు.

"నేను ఉండిపోతా," అంది కెజియా. "అక్కా, మీరు వెళ్ళండి."

"నువ్వు లేకపోతే నేనూ ఎక్కను," అని లీలక్క అక్కడే ఉన్న తాళ్ళచుట్ట మీద కూర్చుంది. "పందొమ్మిదేళ్ళు ఆగాను, పోతే పోయింది."

నేను పెన్ను తీసి నా పేరు కొట్టేశాను.

"సదానందం గారూ! ఏంటండీ మీరు..."

"మీ ఇఖామా ఇయ్యండి మేడం. ఆలస్యమైతే ఎండ పెర్గుతది."

"మరి మీ డ్యూటీ?"

"బాలన్న చూస్కుంటడు."

బాలన్న నా చెవిలో అన్నాడు. "ఏమయింది తమ్మీ నీకు? రాత్రంత అద్దం ముంగట మాటలు నేర్చుకుంటివి, ఇప్పుడు ఒడ్డుకు నిలవడ్తవా?"

ఆమె చివరగా ఎక్కింది. రెయిలింగు పట్టుకుని నా వైపు వంగింది. పడవకూ జెట్టీకీ మధ్య రెండడుగుల నీళ్ళు.

"మేడం, ఒక మాట..."

"యల్లా! యల్లా!" అని సార్జంటు బయల్దేరమంటూ చేతులు ఊపాడు. ఇంజను ఉరిమింది. ఆమె ఏదో అడుగుతోంది, నాకు వినపడలేదు. రెండడుగులు ఇరవై అయ్యాయి. ఇరవై కాస్తా రెండు వందలయ్యాయి. నేను అలాగే నిలబడ్డాను, చేతిలో ఇంకా ఆ పెన్నుతో.

తర్వాత ఆఫీసులోకి వెళ్ళి రేడియో ముందు కూర్చున్నాను. అంత దూరంలో ఫోన్లు పనిచేయవు, పడవలన్నీ ఈ రేడియోలోనే మాట్లాడతాయి. ఒకరు మాట్లాడేది అందరికీ వినపడుతుంది. మాట అయిపోగానే 'ఓవర్' అని బటన్ వదలాలి.

గంటన్నర తర్వాత రేడియో గరగరలాడింది.

"సదానందం గారూ, నేను కెజియాని. కెప్టెన్ గారు రెండు నిమిషాలు ఇచ్చారు. లీలక్క పడవ ముందు భాగంలో కూర్చుని పాటలు పాడుతోంది. పులుసు ఒలకలేదు. మీరు ఏదో చెప్పబోయారు కదా, ఏంటది? ఓవర్."

అందరూ వింటారని తెలుసు. వింటే విననీ, తెలుగు ఎవరికి తెలుసులే అనుకున్నాను. బటన్ నొక్కాను.

"మేడం, అద్దం ముంగట వేరేగ నేర్చుకున్న, ఇప్పుడు యాదికొస్తలేదు. నాకు మీరంటే ఇష్టం. మిమ్మల్ని పెండ్లి చేసుకోవాల్నని ఉంది. మీరు తబూక్ పోండి, వద్దనను. మీ కొలువు మీది. నేనే వచ్చి కలుస్త. మా అమ్మకు చెప్పిన. మీకు ఇష్టం లేకుంటే లేదనండి, మళ్ళ అడగ. ఓవర్."

జవాబుగా ఒట్టి గరగర. నా చెమట మైకు మీద పడింది.

అప్పుడు ఒక మగ గొంతు. "తమ్మీ, మస్తు చెప్పినవ్. గని ఆమె ఇన్నదంటవా? ఓవర్."

"ఎవరన్నా మీరు?"

"నాగేందర్. కోరుట్ల. చేపల వేటకు పోయే బోటుల వంటచేస్త. మీ పడవ ఇప్పుడే దీవి ఎనుకకు పోయింది. నడుమ ఇంత రాతిగుట్ట ఉండె, సిగ్నల్ ఎట్ల పోతది? సుట్టు తిరిగి వచ్చేదాంక ఇరవై నిమిషాలు. ఓవర్."

నా మాటలన్నీ రాతిగుట్టకు చెప్పానన్నమాట!

"అమ్మాయి ఏ ఊరండీ? ఓవర్," అని ఇంకో గొంతు. ఇది కోస్తా గొంతు.

"బందరు."

"మా పక్కనే! కంగారు పడకండి. లేదనేదైతే రెండు నిమిషాలు అడిగి మరీ మాట్లాడదండీ. ఓవర్."

"తమ్మీ, కొలువు మీది అన్నవ్ సూడు, ఆ మాట మళ్ళ చెప్పాలె," అన్నాడు నాగేందర్. "నీళ్ళు తాగు. ఓవర్."

సార్జంటు కూడా రేడియోలోకి వచ్చి ఏదో గదమాయించాడు. నాగేందర్ అరబీలో సంగతేమిటో చెప్పినట్టున్నాడు. సార్జంటు గొంతు తగ్గించి, "తయ్యిబ్, తయ్యిబ్," అన్నాడు, సరే సరే అని. "ఇరవై నిమిషాలే."

నా జీవితంలో డిగ్రీ రిజల్టు కోసం కూడా అంతలా గడియారం చూడలేదు.

పందొమ్మిదో నిమిషంలో ఆమె గొంతు.

"ఏంటండీ సదానందం గారూ! అడిగి ఇంతసేపయింది, మాట్లాడరేం? ఓవర్."

నేను బటన్ నొక్కేలోపు మూడు గొంతులు ఒక్కసారే వచ్చిపడ్డాయి.

"చెప్పిండు మేడం!"

"మీరంటే ఇష్టమంటండీ!"

"పెండ్లి చేసుకుంటడట! వాళ్ళ అమ్మకు గూడ చెప్పిండట!"

రేడియో వెనక నుంచి పది మంది ఆడవాళ్ళ కేక వినిపించింది. బాలన్న ఈల వేశాడు.

"ఎవరు వీళ్ళంతా?" అంది కెజియా. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియదు. "సదానందం గారూ, మీరు చెప్పండి. మీ నోటితో."

చెప్పాను. ఈసారి నెమ్మదిగా, మొత్తం. కొలువు మాట కూడా.

"చూడండీ," అంది ఆమె. "మా నాన్న ఒప్పుకోవాలి. మీకు వేరే దేవుడు, నాకు వేరే దేవుడు, అదంతా మాట్లాడుకోవాలి. తబూక్ చాలా దూరం. ఇవన్నీ ఉన్నాయి. కానీ నన్నడిగితే, నాకు ఇష్టమే. ఆ వాన రోజు నుంచి ఇష్టమే. ఓవర్."

సముద్రం మీద ఉన్న బోట్లన్నీ హారన్లు కొట్టాయి. అవి ఆఫీసు కిటికీలోంచి కూడా వినిపించాయా, నా చెవుల్లోనే మోగాయా, ఇప్పటికీ తెలియదు.

తర్వాత లీలక్క గొంతు. "బాబూ, వాళ్ళ నాన్న యిర్మీయా గారితో నేను మాట్లాడతాను. పిల్లను నా చేతిలో పెట్టి పంపించిన మనిషి ఆయన. నువ్వు నిశ్చింతగా ఉండు. ఇదెలా ఆపాలి కెప్టెన్ గారూ?"

నాలుగున్నరకు పడవ వచ్చింది. వ్యాను అప్పటికే హారన్ కొడుతోంది. మాకు మిగిలింది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ నర్సమ్మలు ఆమెను సాగనంపడానికే సరిపోయాయి. వ్యాను కదిలేటప్పుడు మాత్రం కిటికీలోంచి అంది, "ఇకనుంచి మేడం అనకండి, బాగోదు."

లీలక్క ఊరికి వెళ్ళిన నాలుగో రోజే బందరు పక్కన గిలకలదిండికి, కెజియా వాళ్ళింటికి వెళ్ళింది. కెజియా నాన్న యిర్మీయా గారు నలభై ఏళ్ళుగా వేటకు పోయే మనిషి. నాకు ఫోను చేశారు.

"పడవెక్కాల్సినోడివి దిగి మా అమ్మాయికి చోటిచ్చావంట?"

"అవునండి."

"చర్చికొస్తావా?"

"ఆమెతోని వస్త. మా అమ్మ కొండగట్టు గుడికి పోతే కెజియా తోడు పోతనన్నది. ఎవరూ ఎవరిని మార్చుకునేది లేదని మాట్లాడుకున్నం."

ఫోనులో సముద్రం హోరు, చేపల వేలంపాట వినిపించాయి.

"ఏలం టైము, మళ్ళీ చేస్తా," అని పెట్టేశారు. రెండు వారాలు చేయలేదు. మూడో వారం చేసి ఒక్క మాటే అన్నారు. "ఫిబ్రవరిలో పెట్టుకుందాం. మీ అమ్మగారిని రమ్మను, మాట్లాడాలి."

పెళ్ళి దగ్గరికి వచ్చింది. కెజియా తబూక్ నుంచి, నేను జెద్దా నుంచి సెలవు పెట్టుకున్నాం. మా రెండిళ్ళ మధ్య నడిచి, రెండు వైపులా మాటలు పడి, ఈ సంబంధం నిలబెట్టిన లీలక్క మాత్రం మంచం మీద ఉంది. పందొమ్మిదేళ్ళు నిలబడి డ్యూటీ చేసిన మోకాళ్ళు. వచ్చే సోమవారం రెండు మోకాళ్ళకూ ఆపరేషన్. పెళ్ళికి నడిచే వస్తానని పంతం పట్టింది.

ఇది చదివినవారికి నా మనవి ఒక్కటే. మీరు ఏ దేవుడికి దండం పెట్టుకున్నా సరే, ఆ సోమవారం పొద్దున ఒక్కసారి మా లీలక్కను గుర్తుచేసుకోండి.